గువ్వలచెరువు ఎత్తు

కడప నుంచి రాయచోటికి వెళ్లే దారిలో గువ్వలచెరువు కనుమ ఉంది. ఈ ప్రాంతం వారికి చెప్పనవసరం లేదు. దూరప్రాంతాల పాఠకుల కోసం చెబుతున్నాను. కడప దాటి కొంతదూరం వెళ్లాక చదునైన దారి ముగుస్తుంది. రోడ్డు కొండ చుట్టూ మలుపులు తిరుగుతూ పైకి లేస్తుంది. పైన గువ్వలచెరువు గ్రామం. అక్కడి పాలకోవా కోసం ప్రయాణికులు ప్రత్యేకంగా ఆగుతారు. షాబాన్‌లో పరీక్షలు ముగిసి మా మదరసాకు సెలవులు ఇచ్చిన మరునాడు, ఆ ఎత్తు మధ్యలో, నేను నడుపుతున్న మారుతీ 800 కారు ఇక తన వల్ల కాదన్నట్లు నిలిచిపోయింది.

ఒక్కసారిగా ఆగలేదు. మొదట నాలుగో గేరు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు దిగవలసివచ్చింది. యాక్సిలరేటర్‌ను నేల దాకా తొక్కినా బండి లాగడం లేదు. వెనుక వస్తున్న సిమెంటు లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. చివరకు మొదటి గేరులో మనిషి నడక వేగంతో పాకి, ఒక మలుపు దగ్గర వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీశాను. వేడి ముల్లు మధ్యలోనే ఉంది. రేడియేటర్‌లో నీళ్లూ ఉన్నాయి. అరగంట ఆగి మళ్లీ కదిపితే రెండు మలుపులు ఎక్కి తిరిగి అదే తీరు. అక్కడి నుంచి వెనుదిరిగాను. దిగడానికి ఇంజను బలం అవసరం లేదు కదా.

ఆ కారు నాది కాదు. మా చెల్లెలి భర్తది. ఆయన మరణించి అప్పటికి రెండేళ్లు దాటింది. 1998 నాటి బండి, కార్బురేటర్ ఉన్న రకం. బట్టల వ్యాపారం చేస్తూ పాతదిగానే కొన్నారు. మా చెల్లెలు పిల్లలతో కడపలోనే ఉంటోంది. కొడుకుకు పదకొండేళ్లు, కూతురికి ఎనిమిది. ఆయన తండ్రి రాయచోటిలో ఉంటారు. షరీఅత్ ప్రకారం పిల్లల ఆస్తికి సంరక్షకుడు తాతగారే. వయసు మీద పడినందువల్ల కారు అమ్మే పనిని ఆయన నాకు అప్పగించారు. రాయచోటిలో కొనేవారు ఒకరు ఉన్నారని తెలిసి, చూపించడానికి తీసుకెళుతుండగా జరిగినది పైన చెప్పాను.

నేను మదరసాలో విరాసత్ పాఠం చెప్పేవాడిని. కనుక ఆ కారును చూసినప్పుడల్లా నా కంటికి 24 భాగాలు కనిపించేవి. మా చెల్లెలికి ఎనిమిదో వంతు, అంటే 3 భాగాలు. తాతగారికి ఆరో వంతు, అంటే 4. మిగిలిన 17 భాగాలు పిల్లలవి. ధరలో ప్రతి 1,000 రూపాయలకు దాదాపు 708 రూపాయలు ఆ ఇద్దరు చిన్నవారివి. పొరుగువాడి కారు అయితే వచ్చినంతకు వదిలించుకునేవాడినేమో. యతీముల సొమ్మును తక్కువ ధరకు వదిలించుకునే హక్కు నాకు లేదు.

మా వీధికి దగ్గరలోని షెడ్డులో ఒక యువ మెకానిక్ బండిని ఐదు నిమిషాలు విన్నాడు. రెండుసార్లు రేసు పెంచాడు. ‘ఇంజను అయిపోయింది. దించి బోర్ చేయించాలి. 35,000 అవుతుంది. పాత బండికి అంత ఎందుకు, 20,000కు నేనే తీసుకుంటా’ అన్నాడు. అతనిది దురుద్దేశమని నేననను. రెండేళ్లు నిలిచిన పాతికేళ్ల బండి బలం కోల్పోతే ఇంజను అరిగిందనుకోవడం సహజమే. అయితే అతను ఒక్క బోల్టు కూడా విప్పకుండా ఆ మాట అన్నాడు. అదే నన్ను ఆపింది.

ఉసూలె ఫిఖ్హ్‌లో ‘సబర్ వ తక్సీమ్’ అనే పద్ధతి ఉంది. ఒక ఆదేశానికి కారణం ఏమై ఉంటుందో తెలియనప్పుడు, కారణం కాగల వాటన్నింటినీ ముందు వరుసగా పేర్కొంటారు. తరువాత ఒక్కొక్కటిగా పరీక్షించి, కానివాటిని కొట్టివేస్తూ పోతారు. ఏళ్ల తరబడి పిల్లలకు నల్లబల్ల మీద ఇది చెప్పాను. దీనిని నూనె మరకల చేతులతో ఆచరించే మనిషిని మాత్రం ఆ వారమే చూశాను.

ఆయన అంబాసిడర్ల కాలం నాటి మేస్త్రీ. మదరసా వ్యాను బాగుచేసే డ్రైవరు ఆయన షెడ్డు చూపించాడు. నేను కనుమలో జరిగినదంతా చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది, వేడెక్కాక ఎలా ఉంటుంది, సైలెన్సర్ నుంచి ఏ రంగు పొగ వస్తుంది, నూనె తగ్గుతోందా అని అడిగారు. పొద్దున పరవాలేదని, వేడెక్కాక చచ్చుబడుతోందని, నీలం పొగ లేదని చెప్పాను. తరువాత ఆయన ఇంజను మూత ఎత్తలేదు. గేరు తీసేసి, చదును నేల మీద కారును చేత్తో తోయమన్నారు!

తోశాను. కదలలేదు. ఇద్దరం కలిసి తోస్తే బరువుగా కదిలి, చేయి తీయగానే ఆగింది.

‘చూసినారా సాబ్! ఇంత చిన్న బండి ఒక్క మనిషి తోస్తే పోవాల. ఇంజనుకు సత్తువ లేదో, ఉన్న సత్తువను యాడన్నా తింటాండాదో ముందు తేల్చాల’ అన్నారు. ఒక కిలోమీటరు నడిపి వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడమన్నారు. ముందువి గోరువెచ్చగా ఉన్నాయి. వెనుక ఎడమ చక్రం దగ్గర చేయి పెట్టలేకపోయాను. చేతి బ్రేకు కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది; లివరు కిందికి దించినా లోపల బ్రేకు వదలడం లేదు. ‘చేతి బ్రేకు లాగి రెండేండ్లు నిలబెట్టిందెవరో గాని...’ అని ఆయన వాక్యం పూర్తి చేయలేదు.

నేనే. జనాజా జరిగిన మరునాడు, వచ్చిపోయే వారికి దారి అడ్డంగా ఉందని కారును గోడ పక్కకు చేర్చి, బ్రేకు గట్టిగా లాగి దిగినది నేనే. ఇద్దత్ ముగిశాక మా చెల్లెలు ఒకసారి, ఆ తరువాత ఇంకో రెండుసార్లు, ‘భాయిజాన్, వారానికి ఒకసారి వచ్చి కారు స్టార్ట్ చేసి పోండి, పాడవుతుంది’ అని చెప్పి పంపింది. ఇన్షా అల్లాహ్ అన్నాను. ఇన్షా అల్లాహ్ అనే మాటను మనం ఎంత తేలికగా వాడుతున్నామో ఆ షెడ్డులో నిలబడి తలుచుకున్నాను. ఎక్కువ కాలం నిలిపే బండికి చేతి బ్రేకు వేయకూడదట. గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలట. ఇది అందరికీ పనికొచ్చే మాట గనుక రాస్తున్నాను.

బ్రేకు వదిలించాక బండి చేత్తో తోస్తే కదిలింది. క్లచ్ జారడం లేదని కూడా తేల్చారు. క్లచ్ జారితే ఇంజను రొద పెరుగుతుంది గాని వేగం పెరగదు. మాకు రొద కూడా పెరగడం లేదు. అప్పుడు మూత ఎత్తారు.

ఇంజనుకు కావలసినవి గాలి, పెట్రోలు, సరైన క్షణంలో నిప్పురవ్వ, ఆ మూడింటినీ బిగించి పట్టే నొక్కుడు. ఖర్చు తక్కువైన దాని నుంచి మొదలుపెట్టాలని ఆయన పద్ధతి. మొదట గాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల కొబ్బరిపీచు, బట్టపేలికలు, వేరుశనగ పొట్టు! ఎలుక సంసారం పెట్టి, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఫిల్టర్ కాగితం దుమ్ముతో ఇటుక రంగులో ఉంది. ముక్కు మూసి పరుగెత్తమంటే మనిషి పరుగెత్తలేడు, ఇంజనూ అంతే.

తరువాత నన్ను సీటులో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమన్నారు. ఆయన కార్బురేటర్ దగ్గర చూస్తున్నారు. ‘తొక్కండి.’ ‘తొక్కాను.’ ‘ఇంకా తొక్కండి.’ ‘ఇక లేదు.’ వచ్చి చూస్తే పెడల్ కింద రెండు కాలిపట్టలు ఒకదాని మీద ఒకటి! ముందు రోజు కారును అందంగా చేద్దామని కొత్త పట్ట కొని వేసింది కూడా ఈ రచయితే. పై పట్ట తీసేసి, వదులైన కేబుల్ బిగించాక గాలి తలుపు పూర్తిగా తెరుచుకుంది. పైసా ఖర్చు లేదు.

పెట్రోలు విషయం కొంత లోతైనది. ట్యాంకులో రెండేళ్ల నాటి పెట్రోలు మీదనే నేను కొత్తది పోయించాను. పాతబడిన పెట్రోలులో తేలికగా మండే భాగం ఆవిరైపోయి, మిగిలినది జిగురుగా మారుతుంది. ఆయన ఒక సీసాలో కొంచెం తీసి వాసన చూపించారు, వార్నిష్ వాసన. పెట్రోలు ఫిల్టర్ గోధుమ రంగు తిరిగింది. పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే గొట్టాన్ని ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించారు. ధార సన్నగా, ఆగి ఆగి వచ్చింది. చదును నేల మీద తక్కువ పెట్రోలుతోనే ఇంజను నడుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ కావాలి; అప్పుడు అందదు. ఊరిలో బాగా నడిచి కనుమలో ఎందుకు నిలిచిందో సగం అర్థమైంది. ట్యాంకు ఖాళీ చేసి కడిగారు, ఫిల్టర్ మార్చారు, కార్బురేటర్ జెట్లు శుభ్రం చేశారు. ఇదంతా ఒక పూట పట్టింది.

నిప్పురవ్వ విషయంలో ఎక్కువ పని పడలేదు. ప్లగ్గులు మార్చారు. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న రబ్బరు గొట్టం పగిలి ఉంటే అదీ మార్చి, టైమింగ్ సరిచేశారు.

ఇప్పుడు బండి చాలావరకు లాగుతోంది. నేను సంతోషించి డబ్బు తీయబోయాను. ఆయన చేయి ఎత్తి ఆపారు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా సైలెన్సర్ వెనుక వంగి నిలబడి చెవిపెట్టారు. ‘మూడు కాళ్ల మనిషి కుంటుతాండాడు సాబ్’ అన్నారు. మూడు సిలిండర్ల ఇంజనును ఆయన అలా అంటారు. రబ్బరు పిడి ఉన్న పటకారుతో ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా పీకి చూశారు. మొదటిది తీస్తే ఇంజను తడబడింది. రెండోది తీసినా అంతే. మూడోది తీసినప్పుడు తేడా అంతగా తెలియలేదు. అంటే మూడో సిలిండర్ పేరుకే పనిచేస్తోంది. కొత్త రకం బండ్లలో ఇలా వైరు పీకి చూడకూడదని, ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోతాయని, మనిషికీ ప్రమాదమని ఆయనే హెచ్చరించారు.

మూడు ప్లగ్గులూ తీసి, నిప్పురవ్వ రాకుండా కాయిల్ వైరు విడదీసి, ఒక్కో రంధ్రంలో నొక్కుడు కొలిచే గేజీ బిగించి, నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నారు. మొదటిది 150 చూపింది, రెండోది 145, మూడోది 90. ఆ 90 చూడగానే నా గుండె జారింది. యువ మెకానిక్ చెప్పినదే నిజమేమో, అనవసరంగా ఇంత ఖర్చు పెట్టానేమో అనుకున్నాను.

ఆయన మాత్రం మూడో రంధ్రంలో చెంచాడు ఇంజను నూనె పోసి మళ్లీ కొలిచారు. 95. అంతే. దాని అర్థం ఇలా వివరించారు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే పోసిన నూనె ఆ సందులను కాసేపు మూసి అంకెను బాగా పెంచాలి. పెరగలేదు. కనుక కారిపోతున్నది కింద కాదు, పైన. హెడ్ గాస్కెట్ పోయినప్పుడు తరచు పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తగ్గుతాయి. నూనెలో నీళ్లు కలిసి మజ్జిగలా మారుతుంది. ఇక్కడ రెండోది బాగుంది, నూనె శుభ్రంగా ఉంది. ఇక మిగిలినది వాల్వ్.

పైమూత తీసి సన్నని రేకుల గేజీని ట్యాపెట్ల కింద ఒక్కొక్కచోట దూర్చారు. మూడో సిలిండర్‌లో పొగ బయటకు పంపే వాల్వ్ దగ్గర అన్నింటికంటే పలుచని రేకు కూడా దూరలేదు. లోహం వేడికి సాగుతుంది గనుక అక్కడ వెంట్రుకవాసి సందు ఉంచుతారు. ఏళ్లు గడిచేకొద్దీ వాల్వ్ తన పీటలో అరిగి లోపలికి కూరుకుపోతుంది, దాని తోక పైకి జరుగుతుంది, సందు మూసుకుపోతుంది. ఎప్పటికప్పుడు సరిచేసుకోవాలి. చేయకపోతే వేడెక్కినప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోదు. పొద్దున పరవాలేదు, వేడెక్కాక చచ్చుబడుతుంది. ఆయన మొదట అడిగిన ప్రశ్న ఎందుకు అడిగారో నాకు అప్పుడు తెలిసింది.

స్క్రూ తిప్పి సందు సరిచేసి మళ్లీ కొలిస్తే 125 వచ్చింది. 150 రాలేదు. ‘వాల్వ్ అంచు కొంచెం కాలి ఉంటాది. హెడ్ దించి గ్రైండింగ్ చేయిస్తే పూర్తిగా వస్తాది, ఏడెనిమిది వేలు అయితాది. ఇట్లే నడిపినా నడుస్తాది. ఎన్నాళ్లో మాత్రం నేను చెప్పలేను’ అన్నారు. అన్నింటికీ కలిపి 4,300 తీసుకున్నారు. అది నేనే ఇచ్చాను. మా చెల్లెలు వద్దన్నా ఒప్పుకోలేదు. చేతి బ్రేకు లాగినవాడు ఎవరో ఆమెకు చెప్పాను.

మరునాడు అదే కనుమ మూడో గేరులో ఎక్కాను. గువ్వలచెరువులో ఆగి టీ తాగేటప్పుడు గెలిచినవాడిలా ఉంది. పైన రాయచోటి దాకా ఎక్కడా ఇబ్బంది లేదు.

కొనడానికి వచ్చినది ఒక చిన్న కిరాణా వ్యాపారి. జీవితంలో మొదటి కారు. ముందే మాటల్లో 45,000 అనుకున్నాం. ఆయన కారు చుట్టూ తిరిగి, లోపల కూర్చుని, పిల్లవాడిలా స్టీరింగు పట్టుకుని, ఒకే ప్రశ్న అడిగాడు. ‘ఘాట్ ఎక్కుతుందా మౌలానా?’

ఎక్కుతుంది. అది అబద్ధం కాదు. అంతవరకు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. వాల్వ్ గురించి ఆయన అడగలేదు. అడగడానికి ఆయనకు తెలియదు. ఆ నిమిషంలో నా మనసు నాకంటే పెద్ద ముఫ్తీ అయింది. ఇది నీ సొమ్ము కాదు, యతీములది; వారి హక్కు కాపాడటం నీ విధి; ప్రతి 1,000కి 708 పిల్లలవి అని లెక్క కూడా చెప్పింది. నా కోసమైతే ఆ ఆలోచనను వెంటనే తోసిపుచ్చేవాడిని. యతీముల పేరు చెప్పుకుని వచ్చింది గనుక కాసేపు కూర్చోనిచ్చాను. హిదాయాలో అమ్మకాల ప్రకరణం నేనే బోధిస్తాను. సరుకులో దాగిన లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉంటుందనే ఆ అధ్యాయాన్ని అదే సంవత్సరం విద్యార్థుల చేత అప్పజెప్పించుకున్నాను. కిరాణా వ్యాపారికి అరబ్బీ రాదు, అంతే తేడా.

జేబులోంచి కాగితం తీశాను. 150, 145, 125 అని మేస్త్రీ పెన్సిలుతో రాసిచ్చిన అంకెలు. మూడో సిలిండర్ అంటే ఏమిటో, వాల్వ్ అంటే ఏమిటో, గ్రైండింగ్‌కు ఎంత అవుతుందో చెప్పాను. ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. బయటికి వెళ్లి ఫోనులో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. 6,000 తగ్గించమన్నాడు. తాతగారి వైపు చూశాను. ఆయన తల ఊపారు. 39,000కు బేరం కుదిరింది.

కొన్నవాడు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాక నేను కాగితం మీద 24 భాగాలు వేయసాగాను. తాతగారు నా చేయి పట్టుకున్నారు. ‘45,000కే లెక్క వేయండి మౌలానా. ఆ 6,000 నా వాటాలోంచి తీసేయండి’ అన్నారు.

అలా చేయనవసరం లేదని, లోపం ఉన్న వస్తువుకు లోపం తీసివేసిన ధరే అసలు ధర అని, ఆ 6,000 పిల్లలు పోగొట్టుకున్నది కాదని, ఎప్పుడూ లేనిదని ఓపికగా వివరించాను. ఆయన అంతా విన్నారు.

‘మసలా మీకు తెలుసు. వాడు నా కొడుకు’ అన్నారు.

45,000లో ఆరో వంతు 7,500. అందులో 6,000 పోగా 1,500 ఆయన చేతిలో పెట్టాను. సాయంత్రం నన్ను బస్సు ఎక్కించడానికి ఆయన స్టాండు దాకా వచ్చారు. బస్సు కదులుతుండగా కిటికీలోంచి అందులో 500 నా చేతిలో కుక్కి, గువ్వలచెరువులో దిగి పిల్లలకు కోవా తీసుకువెళ్లమన్నారు. బస్సు అక్కడ రెండు నిమిషాలే ఆగింది. పరుగున వెళ్లి కొన్నాను.